స్టాండు విరిగాకే అక్కరకొచ్చిన గ్లోబు: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

తిరుపతిలో మా మిద్దె మీద సాయంత్రం పూట హైస్కూలు పిలకాయలకు లెక్కలు, సైన్సు, సోషల్ చెబుతాను. చదువు చెప్పడానికని కొన్న వస్తువుల్లో నా దగ్గర ఎక్కువ కాలం నిలిచినవి గోళాలే. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి గాంధీ రోడ్డులో కొన్న 30 సెంటీమీటర్ల రంగుల గ్లోబు. రెండోది అదే సైజులో పేర్లూ రంగులూ లేని నల్ల గ్లోబు, సుద్దముక్కతో గీసి తుడుచుకునేది. కొనబోయేవాళ్ళకు అసలు మాట ముందే చెబుతాను. దాని మీద ఎన్ని పేర్లున్నాయి, లోపల లైటు వెలుగుతుందా అని చూడకండి. బంతి స్టాండు నుంచి ఊడి చేతికి వస్తుందా రాదా, అది చూడండి.

నా రంగుల గ్లోబు మొదట్లో అలా వచ్చేది కాదు. 23.5 డిగ్రీల వంపులో ప్లాస్టిక్ కమానుకు బిగించేసి ఉండేది. దేశాలు వెతకడానికీ, రాజధానుల ఆట ఆడించడానికీ సరిపోయేది. దానితో చేసిన మంచి పని ఒకటుంది. గ్రీన్‌లాండ్ మీద ట్రేసింగ్ కాగితం పెట్టి గీసి, కత్తిరించి, తెచ్చి మన దేశం మీద పెట్టమంటాను. గోడ మీది మ్యాపులో ఆఫ్రికా అంత కనబడే గ్రీన్‌లాండ్ ఇక్కడ మన దేశం కంటే చిన్నదైపోతుంది. "ఏమి మిస్, మన ఇండియానే పెద్దదా!" అని ప్రతి బ్యాచీలోనూ ఎవరో ఒకరు అంటారు. గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం 32.87 లక్షలు, ఆఫ్రికా 3 కోట్ల పైచిలుకు. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఆ తీరు పటం వేసింది ఓడల కోసం. దిక్సూచి చూపిన ఒకే దిశలో పోయే దారి కాగితం మీద సరళరేఖగా రావాలన్నది ఆయన అవసరం. ఆ పనికి అది గొప్ప పటమే. విస్తీర్ణాలు పోల్చడానికి దాన్ని తరగతి గోడకు తగిలించడమే నాకు బాధ.

లోపాలు చెప్పాలి కదా. రెండు చిప్పలు అతికిన చోట, భూమధ్యరేఖ వెంట, వానాకాలం తేమకు జిగురు వదిలి సందు వచ్చింది. సుమత్రా పై సగం, కింది సగం ఒకదానికొకటి కలవవు. దక్షిణ భారతం మీద అందరి వేళ్ళూ పడీ పడీ రంగు పోయింది. కొన్నాళ్ళకు స్టాండు అడుగు పగిలింది, ఆ తర్వాత కమాను విరిగింది. అమ్మినవాళ్ళ దగ్గర విడి స్టాండు దొరకలేదు. ఉత్త బంతి మిగిలింది.

ఆ ఉత్త బంతినే ఒకరోజు మిద్దె మీద ఎండలో చుట్టకుదురు మీద కూర్చోబెట్టాం. చేసే పద్ధతి ఇది. తిరుపతి అన్నిటికంటే పైన ఉండేట్టు బంతిని తిప్పాలి. ఉత్తర ధ్రువం ఉత్తర దిక్కుకే ఉండాలి. అప్పుడు ఇరుసు ఉత్తరపు కొన నేల మట్టానికి 13.6 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది, ఎందుకంటే మన ఊరి అక్షాంశం అంతే. అంతే, ఇక ఏమీ చేయనక్కరలేదు. మనం నిలబడిన భూమి, కుదురు మీది బంతి రెండూ ఇప్పుడు ఒకే తీరున వంగి ఉన్నాయి. సూర్యుడు భూమిలో ఏ సగాన్ని వెలిగిస్తున్నాడో బంతి మీద కూడా అదే సగాన్ని వెలిగిస్తాడు. స్టాండుకు బిగించిన గ్లోబుతో ఇది చేయలేం. ఆ 23.5 డిగ్రీల వంపు భూమి సూర్యుని చుట్టూ తిరిగే తలానికి సంబంధించింది. మన మిద్దెకు కావలసిన వంపు వేరు.

సంక్రాంతి సెలవుల్లో పొద్దున 8 గంటలకు చూపిస్తే జపాన్ నడిమధ్యాహ్నపు ఎండలో ఉంటుంది. వెలుగూ చీకటీ కలిసే గీత అరేబియా వైపు పాకుతూ ఉంటుంది. మా దగ్గర చదివే ఒక పాప నాయన కువైట్‌లో పని చేస్తాడు. ఆ పాప వేలితో వెతికి, "అయితే మా నాయనకు ఇంకా తెల్లారనే లేదు మిస్" అంది. అప్పుడు అక్కడ ఐదున్నర, నిజంగానే చీకటి. జనవరిలో బంతిని పొద్దంతా కనిపెట్టి చూసినా ఉత్తర ధ్రువానికి ఎండ తగలదు. జూన్‌లో అదే ధ్రువం పగలంతా వెలుగులో ఉంటుంది. ఋతువుల పాఠం నేను బోర్డు మీద దీర్ఘవృత్తాలు గీసి చెప్పిన రోజులకంటే, ఇలా జనవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి ఎండలో పెట్టి చూపిన చోట పిల్లలకు గట్టిగా పట్టింది.

దీనికి ఇంకో మెట్టు. తిరుపతి చుక్క మీద అగ్గిపుల్ల ముక్కను మైనంతో నిలబెట్టండి. పక్కనే మిద్దె మీద కర్ర పాతండి. రెండు నీడలూ ఒకే వైపు పడతాయి. ఏప్రిల్ చివరి వారంలో, మళ్ళీ ఆగస్టు నడిమిలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. అప్పుడు రెండు నీడలూ మాయం. ఏప్రిల్‌లో అది జరిగేది గడియారంలో 12 గంటలకు కాదు, పది నిమిషాలు దాటాక. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ వైపు పోతుంది. మనం దానికి మూడు డిగ్రీలు పడమట ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాలు లెక్క వేసుకుంటే పన్నెండు, అందులో రెండు నిమిషాలు తగ్గేది ఋతువును బట్టి.

ఊరిని పైన పెట్టుకోవడం గురించి పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే, "కింద ఉన్నోళ్ళు పడిపోరా?" అని. క్రీ.శ. 499లో ఆర్యభటుడు భూమిని కడిమి పువ్వుతో పోల్చాడు. ఆ బంతి చుట్టూ అన్ని వైపులా కేసరాలు ఉన్నట్టే భూమి చుట్టూ ప్రాణులు ఉన్నాయన్నాడు. ఆ మాట ఉన్న ఆర్యభటీయంలోని గోళపాదం అనే భాగంలోనే కొయ్యతో గోళం చేసి, నూనె, నీరు, పాదరసం సాయంతో కాలానికి సరిగ్గా తిరిగేట్టు పెట్టమని కూడా చెప్పాడు. గోళాన్ని చేత్తో చేసి, తిప్పి చూసి నేర్చుకోమన్న ఆ మాట నాకు చాలా ఇష్టం.

ఇక కొలతలు. 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే చాలు, దారం, స్కేలు పట్టుకొని గంటలు గడపవచ్చు. తిరుపతికీ శ్రీహరికోటకూ మధ్య 2 మిల్లీమీటర్లు. 100 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి పొర అనుకుంటే రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. మన పక్కనే గాదంకిలో అంత పెద్ద ఎం.ఎస్.టి. రాడార్ ఉన్నది ఆ పల్చటి పొరను చదవడానికే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒక సెంటీమీటరు పైన తిరుగుతుంది. టీవీ ఉపగ్రహాలు 85 సెంటీమీటర్ల దూరంలో. చంద్రుడు 8 సెంటీమీటర్ల బంతి, తొమ్మిది మీటర్ల అవతల. సూర్యుడు 33 మీటర్ల గోళం, మూడున్నర కిలోమీటర్ల దూరంలో, అంటే రైల్వే స్టేషన్లో మన గ్లోబు ఉంటే దాదాపు అలిపిరి దగ్గర.

దారం పని ఇంకొకటి విమానాలది. బెంగళూరు మీద ఒక కొన, శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఒక కొన పెట్టి దారం బిగించి లాగితే అది ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది. పొడవు 33 సెంటీమీటర్లు, అంటే 14 వేల కిలోమీటర్లు. 2021 జనవరిలో మహిళా పైలట్లు ఎయిరిండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగానే తెచ్చారు. ఇంట్లో అమెరికాకు పోయిన అన్నలు, అక్కలు ఉన్న పిల్లలు ఈ దారాన్ని వదలరు.

నల్ల గ్లోబు పని ఇక్కడి నుంచి. దీని బంతి మొదటి నుంచీ ఊడి వచ్చేదే. సుద్దముక్కను కదలకుండా పట్టి బంతిని తిప్పితే భూమధ్యరేఖ పడుతుంది. దాని మీద పావు చుట్టు దూరంలో రెండు చుక్కలు పెట్టి, రెండిట్నీ ధ్రువానికి కలిపితే మూడు కోణాలూ 90 చొప్పున 270 డిగ్రీల త్రిభుజం వస్తుంది. త్రిభుజం కోణాల మొత్తం 180 అని బట్టీ పట్టిన తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని మూలమట్టంతో కొలిచి కొలిచి చూస్తారు. రేఖాంశాలు అన్నీ గీస్తే ధ్రువం దగ్గర గళ్ళు సన్నబడి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. వాతావరణ అంచనా వేసే కంప్యూటర్లకు ఇదే పెద్ద తలనొప్పి, అందుకే కొన్ని నమూనాలు ఘనపు ఆరు ముఖాలను గోళం మీద పరిచి గళ్ళు వేసుకుంటాయి. పి.ఎస్.ఎల్.వి. దారి కూడా దీని మీదే గీయిస్తాను. శ్రీహరికోట నుంచి నేరుగా దక్షిణానికి గీత వేస్తే శ్రీలంక అడ్డం వస్తుంది, అందుకని రాకెట్ ముందు ఆగ్నేయంగా పోయి తర్వాత మలుపు తీసుకుంటుంది. రాత్రి ప్రయోగాల వెలుగు మా మిద్దె మీద నుంచి కనబడుతుంది కాబట్టి ఈ పాఠానికి ఎవరూ డుమ్మా కొట్టరు.

దీనికీ లోపాలున్నాయి. సుద్ద పొడి చేతులకూ బట్టలకూ అంటుతుంది, అంచుల్లో పెయింటు పెచ్చులు లేచింది. ఎండ ప్రయోగానికి ఇది పనికిరాదు, నల్లటి నలుపు మీద వెలుగు గీత తేలదు. ఇల్లు అయితే రంగులది ఒకటి చాలు. ట్యూషన్, బడి అయితే రెండూ ఉండాలి.

భూమి పూర్తి గుండ్రం కాదు కదా అని అడిగేవాళ్ళకు: నడుము వ్యాసం, ధ్రువాల వ్యాసం మధ్య తేడా 43 కిలోమీటర్లు, గ్లోబు మీద ఒక మిల్లీమీటరు. కంటికి ఆనదు. సర్వేకు మాత్రం ఆ మిల్లీమీటరే ప్రాణం. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సర్వేయరు లాంబ్టన్ మొదలుపెట్టిన కొలతల వరుస చివరికి మన పాత టోపోషీట్లకు, అంటే సర్వే పటాలకు, ఆధారమైన ఎవరెస్ట్ దీర్ఘగోళాన్ని (ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన గోళం లెక్కను) ఇచ్చింది. ఇప్పుడు ఫోన్లో జీపీఎస్ వాడేది ఇంకో దీర్ఘగోళం.

మిగతా గోళాల గురించి క్లుప్తంగా. పారదర్శక ఖగోళం కొన్నాను గానీ తక్కువ వాడాను. దాని మీద నక్షత్రాలను బయటి నుంచి చూస్తాం కాబట్టి కుడి ఎడమలు తారుమారు అవుతాయి. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో తారామండలం గుమ్మటం లోపలి నుంచి చూపిస్తుంది, పిల్లలకు అదే మేలు. రసాయన శాస్త్రానికి ఫుట్‌బాల్ చాలు. దాని ముక్కలు కలిసే 60 మూలల్లో కార్బన్ పరమాణువులు పెట్టుకుంటే 1985లో కనుక్కున్న ఫుల్లరీన్ అనే అణువు వచ్చేస్తుంది.

అంగట్లో చేయవలసిన పరీక్ష ఒకటుంది. పెన్సిల్ మొనను భూమధ్యరేఖ దగ్గర కదలకుండా పట్టి బంతిని ఒక చుట్టు తిప్పండి. గీత మొన కింద నుంచి పక్కకు జరిగితే ఇరుసు రంధ్రాలు సరైన చోట లేవని అర్థం. ఇంకొకటి తీయమనండి.

కొండలు ఉబ్బెత్తుగా ఉండే గ్లోబులు కూడా అమ్ముతారు. ఎవరెస్ట్ 8,849 మీటర్లు, ఈ సైజు గ్లోబు మీద 0.2 మిల్లీమీటర్లు మాత్రమే, కాబట్టి ఆ ఉబ్బంతా ఎన్నో రెట్లు పెంచినదే. చూపున్న పిల్లలకు నేను దాన్ని సిఫారసు చేయను. చూపు లేని పిల్లలకు మాత్రం తప్పకుండా కొనండి. అది దొరకకపోతే మామూలు బంతికే తీరాల వెంట ఫెవికాల్‌తో నూలు దారం అంటించి, హిమాలయాల మీద ఇసుక చల్లి ఆరబెట్టండి. మొదటిసారి చేతికి ఇచ్చేటప్పుడే, ఈ ఎత్తు చేతికి తెలియడానికి పెంచినదని వాళ్ళకు చెప్పాలి.