మొత్తం ఎంతో చెప్పే నివేదిక, మొక్కకు ఎంత అందుతుందో చెప్పదు: ఒక మట్టి పరీక్ష సేవపై సమీక్ష

పెచ్చులూడుతున్న పాత రంగుల గోడ పక్కన పాలకూర విత్తే ముందు, అక్కడి మట్టిలో భారలోహాలు ఏమాత్రం ఉన్నాయో తెలుసుకోవాలని ఒక ప్రైవేటు ప్రయోగశాలకు నమూనా పంపాను. మట్టి తీసే పద్ధతిని వివరంగా రాసి ఇచ్చారు, నివేదిక గడువులోపే అందింది. అంతవరకు వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కంతా నివేదికలోనే ఉంది. సీసం, కాడ్మియం, జింకు కిలో మట్టికి ఎన్ని మిల్లీగ్రాములో దశాంశాలతో సహా అచ్చువేశారు గాని, మట్టి ఆమ్లగుణాన్ని చెప్పే పీహెచ్ గడి ఖాళీగా ఉంది. ఆ అంకెలు గాఢ ఆమ్లంలో మట్టిని మరిగించి రాబట్టినవి. వేరు అలా మరిగించదు, ప్రోటాన్లను, సేంద్రియ ఆమ్లాలను వదిలి తన చుట్టూ కరిగినంత మేరకే పీల్చుకుంటుంది. మట్టిలో ఆమ్లగుణం పెరిగేకొద్దీ కాడ్మియం తేలికగా కరిగి, జింకు, ఇనుము, మాంగనీసు కోసం ఉన్న ద్వారాల గుండానే వేరులోకి చొరబడుతుంది. లోపలికి వచ్చిన కాడ్మియం తగలగానే ఒక ఎంజైము చురుకెక్కి, కణంలోనే ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం నుంచి ఫైటోకెలాటిన్లనే చిన్న పెప్టైడ్లను (ప్రోటీన్ తునకల్లాంటివి) తయారుచేస్తుంది. వాటిలోని గంధకం లోహాన్ని పట్టుకోగా, కణం ఆ జంటను తనలోని నిల్వ సంచి అయిన రిక్తికలోకి నెట్టి దాచేస్తుంది. అందువల్ల నవనవలాడే ఆకును చూసి నేల మంచిదని అనుకోవడానికి వీల్లేదు. మొక్కకు అందగల భాగాన్ని అంచనా వేయడానికి 1978 నుంచి వాడుకలో ఉన్న డీటీపీఏ పరీక్ష గురించి ఫోన్‌లో అడిగితే, అదనపు రుసుముతో చేస్తామన్నారు. ఆ మాట దరఖాస్తులోనే ఉండవలసింది.

చివరి పేజీలోని సలహా మరీ విడ్డూరం: పొద్దుతిరుగుడు వేస్తే సీసం తొలగిపోతుందట. సీసంలో అధికభాగం వేరు కణాల గోడలకు అంటుకునో, ఫాస్ఫేటుగా గడ్డకట్టుకునో అక్కడే ఆగిపోతుంది, కాండంలోకి ఎక్కేది స్వల్పం. లోహాలను ఆకుల్లోకి ఎక్కించుకునే మొక్కలు లేకపోలేదు. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ను అలా పోగుచేస్తుందని 2001లో వెల్లడైంది, పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాలోని ఒక చెట్టు నుంచి కారే పాలు నికెల్ వల్ల నీలిపచ్చగా ఉంటాయి. అయితే అవి అరుదైన మొక్కలు, ఒక్కొక్కటీ ఒకటి రెండు లోహాలకే పరిమితం. పైగా కోసిన మొక్కలను ఎక్కడ పారవేయాలో నివేదికలో ఒక్క ముక్క లేదు.

పిల్లలు ఆడుకునే చోట సీసం దుమ్ము భయం ఉన్నవారికి ఈ మొత్తం లెక్క ఉపయోగపడుతుంది, వారికి నిస్సంకోచంగా సూచిస్తాను. ఆకుకూరలు పెంచేవారు మాత్రం పీహెచ్, డీటీపీఏ రెండూ చేస్తామని రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే నమూనా పంపాలి. అయిదింటికి మూడు నక్షత్రాలు.