బత్తాయి, సీతాఫలం ఒకే కొట్లో: కంటెంట్ ప్యాచర్ గురించి నా రివ్యూ

మాది కనగల్ మండలం. నాయినకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ ఆడుతున్నంతసేపూ నాకు ఒకటే లోటు. అందులో నారింజ ఉంది, దానిమ్మ ఉంది, మామిడి కూడా ఉంది, బత్తాయి లేదు. అందుకే నేనే మాడ్, అంటే గేమ్‌కు మనం చేర్చుకునే మార్పు, రాసుకున్నాను. అది రాయడానికి ఎనిమిది నెలలుగా వాడుతున్న కంటెంట్ ప్యాచర్ గురించే ఈ రివ్యూ. వేరేవాళ్ల మాడ్‌లు చెడకుండా మన మాడ్ రాయడానికి అది ఎంత పనికొస్తుందో, అదొక్కటే చెప్తాను.

కంటెంట్ ప్యాచర్ ఉచితం. గేమ్‌లోకి మాడ్‌లను ఎక్కించే స్మాపీ అనే ప్రోగ్రామ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, జేసన్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఏం మార్చాలో రాస్తే చాలు. ఇంతకుముందు మాడ్ అంటే గేమ్ ఫోల్డర్‌లో బొమ్మలు, డేటా ఉండే ఎక్స్ఎన్‌బీ ఫైల్ తీసేసి మనది పెట్టడమే. అదే ఫైల్‌ను ఇంకొకరు మారిస్తే మనది పోయేది. గేమ్ అప్‌డేట్ వస్తే ఇద్దరిదీ పోయేది.

కంటెంట్ ప్యాచర్ వాడినా ఈ గొడవ దానంతట అది పోదు. అది నాకు మా చిన్నమ్మ కొడుకు వల్ల తెలిసింది. వాడిది జడ్చర్ల. బాలానగర్ సీతాఫలం పెట్టాలని వాడూ ఒక మాడ్ రాశాడు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "అక్కా, నీ బత్తాయి పెడితే నా సీతాఫలం పోతున్నది, నీది కూడా కనిపిస్తలేదు" అన్నాడు. చూస్తే ఇద్దరం పండ్ల చెట్ల బొమ్మలన్నీ ఉండే గేమ్ షీట్‌ను మార్చి, మొత్తంగా 'లోడ్' చేశాం. లోడ్ అంటే 'ఈ ఫైల్ నేనే ఇస్తాను' అని చెప్పడం. వేరే ప్రయారిటీ రాయకపోతే అది 'ఎక్స్‌క్లూజివ్', అంటే ఇంకెవరికీ చోటు లేదని. ఇద్దరు అలా అడిగితే స్మాపీ ఎర్ర అక్షరాలతో ఎర్రర్ చూపించి, ఎవరిదీ తీసుకోకుండా గేమ్ అసలు ఫైలే వాడుతుంది. నాకు ఇది సరైన పద్ధతే అనిపించింది. చప్పుడు చేయకుండా ఒకరిది మింగేసి ఉంటే తప్పు పట్టుకోవడానికి మాకు వారం పట్టేది.

మందు ఏంటంటే, లోడ్‌ను మన సొంత బొమ్మలకే వాడాలి. నా చెట్టు బొమ్మను మాడ్ ఐడీతో ఉన్న కొత్త పేరు కింద లోడ్ చేశాను. చెట్ల డేటాలో బత్తాయికి ఒక ఎంట్రీ మాత్రం చేర్చి, బొమ్మ అక్కడుందని చూపించాను. గేమ్ షీట్ జోలికి పోలేదు. తమ్ముడూ అలాగే మార్చుకున్నాడు.

ఆ తర్వాత గేమ్‌లో విత్తనాలు, మొక్కలు అమ్మే పియెర్ కొట్టు. మొక్క అమ్మకానికి రావాలంటే షాపుల డేటాలో 'సీడ్‌షాప్' ఎంట్రీని మార్చాలి. మొదట ఆ ఎంట్రీ మొత్తం కాపీ చేసి, నా మొక్క కలిపి పెట్టాను. దాంతో నాకంటే ముందు చేరిన మాడ్‌ల సరుకంతా కొట్లోంచి మాయమైంది. 'టార్గెట్‌ఫీల్డ్' అని ఒకటుంది. దాంతో సీడ్‌షాప్ లోపలి సరుకుల జాబితాలోకి నేరుగా వెళ్లి ఒక్క వస్తువు చేర్చవచ్చు. కంటెంట్ ప్యాచర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. నాలుగు లైన్ల పని. ఎంతమంది చేర్చినా అందరి మొక్కలూ కొట్లో ఉంటాయి.

ఐడీల సంగతి కూడా చెప్పాలి. 2024 మార్చిలో వచ్చిన 1.6 వెర్షన్‌కు ముందు వస్తువులకు నంబర్లే గుర్తు. ఇద్దరు ఒకే నంబర్ పెట్టుకుంటే తంటా. ఇప్పుడు పేర్లు వాడవచ్చు. 'మాడ్‌ఐడీ' టోకెన్ (మన మాడ్ ఐడీని తనే నింపే గుర్తు) ముందు పెడితే పేరుకు ఇంటిపేరు తగిలించినట్టు ఉంటుంది. ఊళ్లో ఎంతమంది వెంకటేశ్‌లున్నా ఇబ్బంది లేదు.

మ్యాప్ దగ్గర మాత్రం మాట్లాడుకోక తప్పలేదు. ఊరి చౌరస్తాలో నేను బత్తాయి కుప్ప పెట్టాను, వాడు సరిగ్గా అక్కడే సీతాఫలాల బండి పెట్టాడు. ఒకే చోట ఇద్దరు మారిస్తే ఆఖరున చేసినవాళ్లదే మిగులుతుంది. 'ప్రయారిటీ'తో వరుస మారుతుంది కానీ తగవు తీరదు. 'హ్యాజ్‌మాడ్' షరతు పెట్టి, వాడి మాడ్ ఉంటే నా కుప్ప నాలుగు గళ్లు పక్కకు జరిగేలా రాశాను.

తప్పు పట్టుకోవాలంటే కన్సోల్‌లో, అంటే గేమ్‌తో పాటు తెరుచుకునే స్మాపీ కిటికీలో, 'ప్యాచ్ సమ్మరీ' అని కొట్టాలి. మనం రాసిన మార్పుల్లో (ప్యాచ్‌లంటే అవే) ఏది పడింది, ఏది పడలేదు, ఎందుకు పడలేదు, అన్నీ వరుసగా చెప్తుంది. 'ప్యాచ్ రీలోడ్' కొడితే గేమ్ మూయకుండానే మార్పులు వస్తాయి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గంట మాత్రమే కూర్చునే నాలాంటివాళ్లకు ఇది పెద్ద సాయం. ఇంకో మంచి సంగతి, ఫైల్ మొదట్లో రాసే 'ఫార్మాట్' నంబర్. మనం ఏ వెర్షన్‌కు రాశామో అది చూసి, కొత్త వెర్షన్ పాత మాడ్‌ను వీలైనంతవరకు తనే సర్దుకుంటుంది.

లోటు లేదని కాదు. గైడ్ చాలా పెద్దది, ఇంగ్లీషులో ఉంది. ఇంటర్ చదివే మా తమ్ముడికి టోకెన్ల భాగం నేను కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. గేమ్ నడిచే తీరు మార్చాలంటే కూడా ఇది చాలదు. బత్తాయికి రెండు కాపులు పెట్టగలిగాను, పెద్ద కాపుకు శరత్తు, కత్తెరకు వసంతం. కానీ బోరు ఎండితే చెట్టు వాడిపోవాలన్నది కుదరలేదు. గేమ్‌లో పండ్ల చెట్లకు నీళ్లే పోయక్కర్లేదు, ఆ లెక్క మార్చాలంటే సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి. నేర్చుకుంటున్నాను.

నా మార్కులు అయిదుకు నాలుగున్నర. కొల్లాపూర్ మామిడి మీద ఎవరైనా మాడ్ రాస్తుంటే, చౌరస్తాలో మా తమ్ముడి బండి పక్కన ఆరు గళ్లు ఖాళీగా వదిలాం.