కారవాన్‌లో కర్నూలు, గండికోట: గేటు బయటికి పంపిన రిసార్టు, చోటిచ్చిన పెట్రోలు బంకు

మూడు వేల రూపాయలు అడ్వాన్సు తీసుకుని, రాత్రి పదిన్నరకి "మీ బండి బయట పెట్టుకోండి" అన్న రిసార్టు సంగతి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను. ఆ మరునాడు పొద్దున తిన్న ఉగ్గాని (బొరుగులతో చేసే టిఫిను) గురించి కూడా రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మావారూ నేనూ ఇద్దరం రిటైరయ్యాం, ఉండేది వనస్థలిపురంలో. వానలు వెనకబట్టాక కారవాన్ (పడకలు, టాయిలెట్ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని బయల్దేరడం కొన్నేళ్లుగా అలవాటైంది. మనవలు వస్తే దసరా సెలవుల్లో వెళతాం, స్నేహితులతో అయితే కార్తీకంలో. ఈ బండికి మన దగ్గర ఇదే సరైన కాలం. ఎండాకాలంలో బండి రేకంతా కాలిపోతుంది, కరెంటు లేనిచోట ఆగితే ఏసీ నడవదు. వానల్లో మట్టి నేల మీద ఆపితే అంత బరువుకి చక్రాలు దిగబడతాయి. ఆశ్వయుజం చివర నుంచి చెరువులు నిండి ఉంటాయి, రాత్రి కిటికీ తెరిస్తే ఫ్యాన్ కూడా అక్కర్లేదు.

కారవాన్ ఎందుకు, ఇన్నోవా మాట్లాడుకుని హోటల్లో దిగొచ్చుగా అని అందరూ అడుగుతారు. నా జవాబు ఒక్కటే, టాయిలెట్. ఆడవాళ్లకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి కర్నూలు 215 కిలోమీటర్లు. కార్లో వెళ్లినన్నాళ్లూ ఇంట్లో బయల్దేరినప్పుడు తాగిన కాఫీయే ఆఖరు, మళ్లీ గది చేరేదాకా నీళ్ల సీసా మూత తీసేదాన్ని కాదు. ఎక్కడ ఆగినా తలుపు గడియ ఉండదు, ఉంటే నీళ్లు ఉండవు. షుగర్ ఉన్నవాళ్ల బాధ ఇంకా ఎక్కువ. మా ఆడపడుచు షుగర్ మనిషి. ఊరు దాటితే చాలు, ఆవిడ ముఖంలో టెన్షన్ కనిపించేది. కారవాన్ ఎక్కాక దారి పొడవునా మజ్జిగ తాగుతూ వచ్చింది. పెట్టిన డబ్బుకి నాకు ఆ ఒక్క మార్పు చాలు.

మనవలతో వెళ్లిన ప్రయాణాల్లో రామప్ప బాగా కలిసొచ్చింది. పాలంపేటలో 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని చెప్పగానే మా చిన్నవాడు ఆ ఇటుక చూపించమని మారాం చేశాడు. అక్కణ్ణుంచి లక్నవరం వెళ్లి, వేలాడే వంతెన మీద నడిచి, మర్నాడు తిరిగొచ్చేశాం. అంతా సాఫీగా జరిగింది. ఒక్కటే జాగ్రత్త. కారవాన్ పైకప్పు దాదాపు పదడుగుల ఎత్తు ఉంటుంది, పల్లె రోడ్ల మీద చెట్ల కొమ్మలు, కిందికి జారిన కరెంటు తీగలు తగులుతాయి. డ్రైవర్ దిగి చూడకుండా ముందుకు పోనివ్వకండి.

ఇక మొన్నటి ప్రయాణం. మావారి ఆఫీసు స్నేహితుడు, ఆయన భార్య (నాకు వదినగారు), మా ఆడపడుచు, మేమిద్దరం. బండి అద్దె డ్రైవర్‌తో కలిపి రోజుకు 11,500. రోజుకు 250 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు 28. డ్రైవర్ బత్తా 600, డీజిలు మనదే. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ దగ్గర బెంగళూరు హైవే ఎక్కి, మధ్యాహ్నానికి అలంపురం చేరాం. జోగులాంబ దర్శనం, నవబ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులు కట్టించిన ఆ రాతి గుళ్ల మధ్య పచ్చగడ్డిలో నడుస్తుంటే ఎవరికీ కదలబుద్ధి కాలేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగమేశ్వరాలయం కూడా అక్కడే ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. మీరు మాత్రం వదలొద్దు.

సాయంత్రానికి రిసార్టు చేరాం. ఊరూ పేరూ రాయను. పదిహేను రోజుల ముందు ఫోన్లో నేనే మాట్లాడాను. "కారవాన్ పార్కింగ్ ఉంది మేడమ్, కరెంటు, నీళ్లు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు, అన్నీ ఉన్నాయి" అన్నాడు. అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టించుకుని మూడు వేలు పంపాను.

తీరా వెళ్లాక కౌంటర్‌లో లెక్క మారింది. ప్లగ్గుకి 500, నీళ్లకి 300 వేరే కట్టమన్నారు. మావారు కోపం వస్తే మాట్లాడరు. జేబులోంచి తీసి ఇచ్చేసి వెళ్లి బండిలో కూర్చున్నారు. స్నేహితుడు మాత్రం రసీదు అడిగారు. "సిస్టమ్ డౌన్ సార్" అని సమాధానం.

ప్లగ్గు అంటే వాచ్‌మన్ గదిలో సెల్‌ఫోన్ ఛార్జింగు పెట్టుకునే చిన్న పాయింటు. అక్కణ్ణుంచి అతుకులు వేసిన వైరు లాగి మా బండికి తగిలించారు. ఏసీ వేయగానే కరెంటు పడిపోయింది. కారవాన్ ఏసీకి 15 ఆంప్‌ల పాయింటు కావాలి, గీజరు, ఏసీ కలిపి వేస్తే అదీ చాలదు. నీళ్లు చేతికి జిగటగా తగిలే బోరు నీళ్లు. మా ట్యాంకు 150 లీటర్లు, అవే నింపుకోవలసి వచ్చింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. కారవాన్ టాయిలెట్ కింద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. బయటివైపు చిన్న తలుపు తెరిస్తే సూట్‌కేసులా చక్రాల మీద జారి వస్తుంది. ఇరవై లీటర్లు పడుతుంది, వాసన రాకుండా అందులో నీలం మందు పోస్తారు. అయిదుగురు వాడితే రోజుకోసారైనా ఖాళీ చేయాలి. దానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు, మామూలు కమోడ్ ఒకటి, ఒక బకెట్ నీళ్లు చాలు. ఎక్కడ ఖాళీ చేయాలని మా డ్రైవర్ అడిగితే, అక్కడి కుర్రాడు ప్రహరీ వెనక్కి తీసుకెళ్లి పంట కాలువ చూపించాడు. "ఇందులో వదిలేయండన్నా, అందరూ ఇక్కడే పోస్తారు" అన్నాడట. ఆ కాలువ కిందుగా వరి చేలున్నాయి. గట్టు మీద ఎవరో గేదెను కడుగుతున్నారు. నేను వద్దన్నాను. డ్రైవర్ ఊపిరి పీల్చుకుని డబ్బా మళ్లీ లోపల పెట్టేశాడు. అతనికీ మనసు ఒప్పలేదని ముఖం చూస్తేనే తెలిసింది. గదుల దగ్గరి కామన్ టాయిలెట్ తాళం తీయమని మేనేజర్‌ని అడిగితే, "అది రూమ్ గెస్టులకే" అన్నాడు. మూడు వేల ఎనిమిది వందలు కట్టిన మేము గెస్టులం కామట.

రాత్రి పెళ్లి బృందం దిగింది. డీజే మోతకి మా గిన్నెల అల్మరా అద్దం అదురుతోంది. ఆడపడుచు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది. పదిన్నరకి తలుపు కొట్టారు.

"మేడమ్, పెళ్లివాళ్ల కార్లు వస్తున్నాయి. మీ బండి కొంచెం బయట పెట్టుకోవాలి."

"బయట అంటే?"

"గేటు బయట, రోడ్డు పక్కన."

డబ్బు తిరిగిమ్మంటే, ఆన్‌లైన్‌లో కట్టింది వెనక్కి రాదన్నాడు. స్నేహితుడు గొంతు పెంచారు. వదినగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు, ఆయనకి బీపీ. డెబ్బైకి దగ్గరపడిన మనుషుల్ని చీకట్లో లారీలు పోయే రోడ్డు పక్కన నిలబెట్టడానికి ఆ మేనేజర్‌కి నోరెలా వచ్చిందో! వాట్సాప్ మెసేజీ, డబ్బు పంపిన రుజువు పెట్టి, ఇంటికి రాగానే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నంబరు ఇచ్చారు. డబ్బు ఇంకా రాలేదు, నేను వదలను.

ఆ రాత్రి డ్రైవరే దారి చూపించాడు. పదిహేను కిలోమీటర్ల అవతల ఒక పెట్రోలు బంకులోకి తిప్పాడు. నాలుగు వేలకి డీజిలు కొట్టించి, పొద్దున దాకా ఉండనిస్తారా అని అడిగాం. రాత్రి డ్యూటీ కుర్రాడు లోపలికి తొంగిచూసి, "పెద్దోళ్లున్నారు కదా సార్, ఆ లైటు కింద పెట్టుకోండి, లారీలోళ్లు ఆ మూలకి రారు" అన్నాడు. టాయిలెట్ తాళం చెవి చేతికిచ్చాడు. డబ్బా ఖాళీ చేసి, రెండు బకెట్లు పోసి శుభ్రంగా కడిగాకే మా డ్రైవర్ చెవి తిరిగిచ్చాడు. వంద ఇవ్వబోతే ఆ కుర్రాడు తీసుకోలేదు. బంకుల్లో గాలి, తాగునీరు, టాయిలెట్ ఉచితంగా ఇవ్వాలన్నది నియమమే. అయినా అర్ధరాత్రి నవ్వు ముఖంతో ఇచ్చేవాళ్లు ఎందరున్నారు?

పొద్దున ఆరింటికి బంకు ఎదురుగా తోపుడు బండి మీద పొయ్యి వెలిగింది. ఒకావిడ, పక్కన వాళ్లబ్బాయి. బొరుగులు నీళ్లలో ముంచి, చేత్తో గట్టిగా పిండి, వెడల్పాటి మూకుట్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ముద్ద, పసుపు వేగాక అందులో వేసి కలిపింది. దించే ముందు పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండింది. పక్క మూకుట్లో మిరపకాయ బజ్జీలు. ప్లేటు ఉగ్గాని 30, రెండు బజ్జీలు 10. బొరుగులు మెత్తబడినా ముద్ద కాలేదు. పుట్నాల పొడి అంటుకుని ఒక్కో గింజా విడివిడిగా నోట్లో కరిగింది. బజ్జీ కొరికి దాన్ని ఉగ్గానితో కలిపి తినాలని ఆవిడే చూపించింది. రాత్రి నుంచి నోరు విప్పని మావారు "ఇంకో ప్లేటు" అన్నారు. అదే ఆ రోజు ఆయన మొదటి మాట. స్నేహితుడు మూడో ప్లేటు దగ్గర కూడా ఆగలేదు, వదినగారు బీపీ సంగతి ఎత్తలేదు. ఆరుగురం డ్రైవర్‌తో సహా కడుపునిండా తిని, టీతో కలిపి 460 ఇచ్చాం. హైదరాబాదులో ఉగ్గాని చాలా చోట్ల తిన్నాను, నూనె కారుతూ ఉంటుంది. ఆవిడ చేతిది వేరు.

అక్కణ్ణుంచి యాగంటి వెళ్లాం. ఉమామహేశ్వరుడు, పెరుగుతున్నాడని చెప్పే నంది, చల్లని కోనేరు. కార్తీకం కదా, రద్దీ ఉంది, గంటన్నరలో దర్శనమైంది.

బెలుం గుహలకి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించి వెళ్లండి. 3,229 మీటర్ల గుహ, అందులో చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు దాకా. లోపల లైట్లున్నాయి, దారి బాగుంది, గాలి పంపే ఏర్పాటూ ఉంది. అయినా ఉక్కపోతకి పది నిమిషాల్లో చీర వీపుకి అంటుకుపోయింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1982, 83ల్లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. ఈ లైట్లేవీ లేని రోజుల్లో ఆ ఇరుకుల్లో పాకిన మనుషుల్ని తలుచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఆడపడుచు మొదటి పెద్ద గది దాకా వచ్చి, "వదినా, నువ్వు చూసొచ్చి చెప్పు" అని వెనక్కి వెళ్లింది. మేం పైకొచ్చేసరికి బండిలో అందరికీ నిమ్మరసం కలిపి ఉంచింది. ఒకరి తర్వాత ఒకరం రెండేసి మగ్గులతో స్నానం చేశాం. కార్లో వచ్చినవాళ్లు చెమటతో అలాగే సీట్లెక్కడం కిటికీలోంచి చూశాను.

గండికోటలో కోట బయటే బండి ఆపించాం. మాధవరాయ ఆలయం, దానికి కాస్త దూరంలో జామియా మసీదు, పక్కన ధాన్యాగారం, ఇవన్నీ సాయంత్రం చూసేయండి. పెన్నా లోయ అంచుకి పొద్దున్నే వెళ్లండి. వానలు బాగా పడిన ఏడు కాబట్టి కింద నీళ్లు నిండుగా ఉన్నాయి, ఎర్రటి రాతి గోడల మీద ఎండ పైనుంచి కిందికి దిగింది. అంచున చాలాచోట్ల రెయిలింగు ఉండదు, రాళ్లు నున్నగా జారతాయి. సెల్ఫీల కోసం కుర్రాళ్లు చివరిదాకా వెళుతుంటే మావారు ఊరుకోలేక కేకలేశారు. మీ పిల్లల్ని తీసుకెళితే చెయ్యి వదలకండి.

అన్నీ కలిపి తలా 17,300 పడింది. కారు, హోటల్ గదులైతే అందులో సగానికి కాస్త ఎక్కువలో అయిపోయేది. దుడ్డు మిగలాలనుకునేవాళ్లకి కారవాన్ వద్దనే చెబుతాను. అరవై దాటిన ఆడవాళ్లుంటే మాత్రం ఇంకేదైనా తగ్గించుకుని ఇదే తీసుకోండి. కేరళ ప్రభుత్వం 2021లోనే కారవాన్‌ల కోసం ప్రత్యేకంగా విధానం తెచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో టూరిజం హోటళ్ల ఆవరణలు ఎంత విశాలంగా ఉంటాయో అందరికీ తెలుసు. ఒక మూల 15 ఆంప్‌ల ప్లగ్గు, నల్లా, కమోడ్ పెట్టి రాత్రికి 800 తీసుకున్నా సంతోషంగా ఇస్తాం. ప్రైవేటు రిసార్టు అయితే ప్లగ్గు ఫొటో, టాయిలెట్ ఫొటో తెప్పించుకున్నాకే డబ్బు పంపండి, ఆ రాత్రి అక్కడ పెళ్లి ఉందేమో కూడా అడగండి. డ్రైవర్‌కి పడుకునే చోటు ఎక్కడో ముందే తేల్చుకోండి. సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేత మర్నాడు రెండు వందల కిలోమీటర్లు తోలించడం తప్పు, ప్రమాదం కూడా.

వచ్చే శరత్తుకి హంపి అనుకుంటున్నాం, ఈసారి అమ్మాయి వాళ్లూ వస్తామన్నారు. కమలాపురం చుట్టుపక్కల పదడుగుల ఎత్తు బండి పట్టే గేటు, డబ్బా ఖాళీ చేసుకోనిచ్చే కమోడ్ ఉన్న చోటు మీలో ఎవరికైనా తెలిస్తే, రేటుతో సహా చెప్పండి.