కిల్మెయినమ్ జైలు, డబ్లిన్: టికెట్ ముందే తీసుకోండి

గైడ్ లేకుండా లోపలికి పంపరు. టికెట్లు ఆన్‌లైన్‌లో 28 రోజుల ముందు విడుదలవుతాయి. వేసవిలో చూస్తుండగానే అయిపోతాయి కాబట్టి, నేరుగా గేటు దగ్గరికి వెళ్తే వెనక్కి రావాల్సిందే. లువాస్ (డబ్లిన్ ట్రామ్) రెడ్ లైన్‌లో సూయిర్ రోడ్ దగ్గర దిగితే కొద్ది నడక. టూర్ సుమారు గంట. లోపల ఎండాకాలంలోనూ చలే, స్వెట్టర్ ఉండాలి.

పాత పడమటి విభాగమే అసలైనది. 1803లో బ్రిటిష్ పాలనపై రాబర్ట్ ఎమ్మెట్ తిరుగుబాటుకు డబ్లిన్ కూలీలు, చేతివృత్తులవాళ్లు సిద్ధమయ్యారు. కోటు కింద దాచుకోవడానికి బందు పెట్టి మడిచే బల్లేలు చేయించారు. తుపాకులు చాలక, సంకేతాలు తప్పి, అది ఒక్క రాత్రిలో చెదిరిపోయింది. ఎమ్మెట్ ఇంట్లో పనిచేసిన ఆన్ డెవ్లిన్‌ను సైనికులు ఉరితాడుకు వేలాడదీసి దింపినా ఒక్క పేరూ చెప్పలేదు. ఆమెతో పాటు కుటుంబమంతా జైలుపాలైంది; ఆమెను ఉంచింది ఇక్కడే. ఆమె 1851లో కడు పేదరికంలో చనిపోయింది. ఆమె గురించి గైడ్ తక్కువ చెబితే, మీరే అడగండి.

రాళ్లు కొట్టే ఆవరణలో 1916 మే నెలలో, బ్రిటిష్ పాలనపై జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత, 14 మంది తిరుగుబాటుదారులను కాల్చి చంపారు. గేటు పక్కనున్న శిలువ జేమ్స్ కానలీది. 1913 లాకౌట్‌లో (యజమానులు కార్మికులను పనిలోకి రానివ్వని వివాదం) కార్మికుల రక్షణకు పుట్టిన సిటిజన్ ఆర్మీకి నాయకుడాయన. ఈ జైల్లో ఆయన ఖైదీగా లేనేలేడు. గాయంతో నిలబడలేని మనిషిని ఆంబులెన్స్‌లో తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

టూర్ తర్వాత మ్యూజియం వదలొద్దు.