జాగ్రత్త: "కంపెనీ టెక్స్చర్‌కి సేమ్ టు సేమ్" అంటే నమ్మి డబ్బులు పంపేయకండి

మాది రాయగడ. ఇక్కడా, గుణుపురం, కోరాపుట్, జయపురం, పర్లాకిమిడి వైపూ థార్, బొలెరో నడిపే మనవాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీవి కాని బయటి పార్టులు ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. నాకు 38 వేలు ఖర్చయి, బండి ముందున్నదానికంటే అధ్వాన్నంగా తయారైంది.

నాది నల్ల థార్. టైర్లు వెడల్పువి వేయించాక బురదంతా తలుపుల మీదకి చిమ్ముతోందని నాలుగు చక్రాలకీ వెడల్పు ఫ్లేర్లు (చక్రం పైన అంచుకి బిగించే ప్లాస్టిక్ పట్టీలు), రెండు ఇనప సైడ్ స్టెప్పులు, వెనక జెర్రీక్యాన్ స్టాండు తీసుకున్నాను. ముందు గార్డు కూడా అంటగట్టాలని చూశారు గానీ వద్దన్నాను. అలాంటి గార్డులు, అంటే బుల్‌బార్లు, పెట్టకూడదని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. దాని జోలికి మీరూ పోకండి.

షాపు ఒక పెద్ద ఊళ్లోది, మాట్లాడిందంతా ఫోన్లోనే. నేను ఒకటికి మూడుసార్లు అడిగాను, బంపరు మీద కంపెనీ ప్లాస్టిక్ అలాగే ఉంటుంది, దాని టెక్స్చర్‌కి, అంటే పైన గరుకు తీరుకి, ఇవి కలుస్తాయా అని. "సార్, పక్కపక్కన పెట్టినా మీరు కనిపెట్టలేరు" అన్నాడు. ఫొటోలు పంపాడు, అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. సంక్రాంతికి ముందు డబ్బంతా ఒకేసారి పంపాను. అదే నా మొదటి తప్పు. బిల్లు అడిగితే ఎస్టిమేట్ చీటీ పంపాడు, దానికి ఊరుకోవడం రెండోది.

ఫిట్టింగ్ రాత్రి షెడ్డులో ట్యూబ్‌లైటు కింద అయింది, అప్పుడేమీ తెలియలేదు. పొద్దున్నే మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టాక ప్రాణం ఉసూరుమంది. ముందు బంపరు అంచూ కొత్త ఫ్లేరూ కలిసే చోట బెత్తెడు మేర చూస్తే చాలు. కంపెనీ ప్లాస్టిక్ గింజ, అంటే పైన కనిపించే గరుకు, సన్నగా, తోలులా ఉంటుంది, దాని మీద మెరుపుండదు. ఫ్లేరేమో బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా, మెరుస్తూ ఉంది. కింద సైడ్ స్టెప్పయితే గరుకు కాగితమే. మా పాప దాని మీద కాలేసి దిగుతుంటే పట్టు పరికిణీ అంచు పట్టుకుని పోగులు లేచిపోయాయి. దానికి తోడు మన ఎర్రమట్టి. ఒక్కసారి కొండ దారిలో తిరిగొస్తే ఆ గరుకులో దుమ్ము కూరుకుపోతుంది. గుడ్డతో తుడిస్తే గుడ్డ నూలంతా దానికే అంటుకుంటుంది.

ఫోన్ చేస్తే "టెక్స్చర్ అన్నాక బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఉంటుంది, ఫిట్ చేసేశారు కాబట్టి రిటర్న్ లేదు" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు.

మా బావమరిది విశాఖ ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ పని చేస్తాడు. బండి చూపించాను. "బావా, ఇనుముకీ ప్లాస్టిక్కుకీ ఒకటే కోటింగ్ అన్నప్పుడే అనుమానం రావాల" అన్నాడు. విషయమేమిటంటే, ఇనప పార్టు మీద పౌడరు చల్లి ఓవెన్లో 180 నుంచి 200 డిగ్రీల దాకా కాలుస్తారు. ఫ్లేర్లకి వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది, దాన్ని ఆ ఓవెన్లో పెట్టలేరు. అందుకే ఫ్లేర్లకి గన్నుతో టెక్స్చర్ పెయింటు కొట్టారు. కంపెనీ ప్లాస్టిక్‌కైతే పెయింటే ఉండదు, ఆ గింజ అచ్చులోనే చెక్కి ఉంటుంది. మూడూ మూడు దారుల్లో వచ్చినవి. దగ్గరగా తేవచ్చేమో గానీ, పక్కన నమూనా లేకుండా నోటిమాట మీద కలపడం ఎవరివల్లా కాదు.

అంతటితో పోయిందా, లేదు. మే నెలకి సైడ్ స్టెప్పు మీద బొటనవేలు రాస్తే వేలికి బూడిదలా అంటింది. అది ఎపాక్సీ పౌడరట. లోపలి సామానుకి బాగుంటుంది గానీ ఎండకి ఆగదు, బండి బయట వేసేదానికి పాలియెస్టర్ పౌడరు కావాలి. వానలు పడ్డాక వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు నీళ్లు కారాయి. గీకి చూస్తే కింద ప్రైమరు లేదు, వెల్డింగ్ గుల్లలు అలాగే ఉన్నాయి. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. టెక్స్చర్‌లో గుంటల దగ్గర పూత పలచగా ఉంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కింద జింక్ ప్రైమరు తప్పనిసరి. పైగా నున్నటి పెయింటు మీద బయటపడే సొట్టలూ చెత్త వెల్డింగూ ఈ గరుకు కింద దాక్కుంటాయి.

కాబట్టి "మ్యాట్ బ్లాక్ టెక్స్చర్" అన్న మాటకి విలువివ్వకండి. అరచేతి అంత నమూనా రేకు కొరియర్లో పంపమనండి, ఖర్చు మేమే పెట్టుకుంటామని చెప్పండి. వచ్చాక సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. తడి మీద ఏ నలుపైనా ఒకేలా ఉంటుంది, పాలిష్ స్ప్రే కొట్టినా అంతే. నాకొచ్చిన ఫొటోల్లో నిగనిగ అదే. ఆరాక పొద్దుటి ఏటవాలు ఎండలో మీ బంపరు పక్కనే పెట్టి, పక్క నుంచి చూడండి, గోరుతో గీసి చూడండి. ప్లాస్టిక్ పార్టులైతే రంగు కొట్టినవి వద్దే వద్దు, అచ్చులోనే గింజ ఉన్నవి అడగండి. ఇనుపవన్నీ ఒకే రోజు ఒకే పౌడరుతో వేయించండి, ఆ పౌడరు పేరూ నంబరూ బిల్లు మీద రాయించుకోండి. రేపు ఇంకో పార్టు కొన్నా అదే వాడొచ్చు. జీఎస్టీ బిల్లు లేకపోతే పైసా పంపకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ఎండలో చూడకుండా మాత్రం ఫిట్ చేయించకండి. ఫిట్ చేసేశాక ఏ షాపువాడైనా ఆ మాటే పట్టుకుంటాడు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైను. షాపు ఎక్కడున్నా సరే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. నేను ఫోన్ మాటలూ, చీటీ, డబ్బు పంపిన రుజువూ అన్నీ పెట్టి ఫిర్యాదు చేశాను.

సైడ్ స్టెప్పుల్ని మా బావమరిది బ్లాస్టింగ్ చేసి (గాలి ఒత్తిడితో ఇసుకలాంటిది కొట్టి పాత పూతా తుప్పూ గీకేసి), జింక్ ప్రైమరు వేసి, సన్న టెక్స్చర్ పాలియెస్టర్‌తో మళ్లీ వేశాడు. ముందు నా బండి నుంచి తీసిన పాత కంపెనీ ఫ్లేరు దగ్గర పెట్టుకుని నాలుగు రేకులు వేసి చూశాడు, మూడోది బాగా దగ్గరకొచ్చింది. ఆ ఫ్లేరు ముక్కా, నాలుగు రేకులూ ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాయి. ఆర్డర్ పెట్టే ముందు రాయగడ వైపు వచ్చే పనుంటే మెసేజ్ పెట్టండి. మీ పార్టు తెచ్చి పక్కన పెట్టి చూసుకోవచ్చు.