పది లీటర్ల డ్రై బ్యాగ్: తీరం వెంట తిరగడానికి ఎంతవరకు పనికొస్తుంది?

సందడి లేని తీరపు ఊళ్ళో దిగాక, చూడాలనిపించేవి చాలావరకు నీళ్ళకు అవతలే ఉంటాయి. పాయ దాటితే ఇసుక దిబ్బ, రాళ్ళ మీదుగా పోతే పక్క రేవు, పడవెక్కితే లంక. ఈ తిరుగుళ్ళకు మామూలు వీపు సంచి పనికిరాదు. జిప్పుల్లోంచి నీళ్ళు దూరతాయి, తర్వాత ఉప్పు పట్టి ఆ జిప్పులే బిగుసుకుపోతాయి. మూతి చుట్టి బకిల్ పెట్టే డ్రై బ్యాగ్ దీనికి సరైన వస్తువు. కాకపోతే దాని మీద ఉండే ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటను సగమే నమ్మాలి. తుంపర, వాన, చేజారి కాసేపు నీళ్ళలో తేలడం వరకు తట్టుకుంటుంది. ముంచి ఉంచడానికి చేసింది కాదు.

పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళకు పది లీటర్లది చాలు. ఫోను, పర్సు, పలచని తువ్వాలు, ఒక చొక్కా, మందుల డబ్బా పడతాయి. ఐదు లీటర్లది తువ్వాలుతోనే నిండిపోతుంది. ఇరవై లీటర్లది ఉంటే ఎవరూ దాన్ని నింపకుండా ఊరుకోరు, మెత్త లేని పట్టీలు మధ్యాహ్నానికి భుజాలు కోస్తాయి. మంచినీళ్ళ సీసా మాత్రం బయటే తగిలించుకోండి. నీళ్ళను లోపలికి రానివ్వని సంచి, లోపల కారిన నీళ్ళను బయటికీ పోనివ్వదు.

పీవీసీ పూసిన మందపాటి టార్పాలిన్ రకం బరువెక్కువ, చుట్టడానికి మొండికేస్తుంది. అయినా గరుకు రాళ్ళకు రాసుకుంటే తట్టుకునేది అదే. పలచని నైలాన్‌ది ఇంకో సంచి లోపల పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ, రాళ్ళ మీద ఈడిస్తే కంటికి కనపడని చిల్లులు పడతాయి. అతుకులు వేడితో అతికించినవైతే మేలు. కుట్టినదానికి సూది దిగిన ప్రతిచోటా రంధ్రమే, పైన వేసిన టేపు లేచిన రోజున కారడం మొదలవుతుంది.

అసలు సంగతి మూతి చుట్టడంలో ఉంది. పైన మూడో వంతు ఖాళీ వదలండి. మూతి అంచులకు అంటిన ఇసుక తుడవండి, మడతలో నాలుగు రేణువులు ఇరుక్కున్నా నీళ్ళకు దారి దొరుకుతుంది. గాలి కొంత నొక్కి తీసి, అంచులు సమంగా కలిపి, ముడతల్లేకుండా కనీసం మూడు చుట్లు చుట్టాలి. తర్వాతే రెండు కొసలూ వంచి బకిల్ పెట్టాలి. సంచి కారుతోందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఒకటిన్నర చుట్టుకే సరిపెట్టడం.

కొనగానే ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. గాలి నింపి చుట్టి, మోకాలితో నొక్కితే బుస్సుమనే శబ్దం రాకూడదు. తర్వాత లోపల లీటరు నీళ్ళు పోసి, మూతి చుట్టి తలకిందులుగా పట్టుకోండి. మూతి దగ్గర ఒకటి రెండు చుక్కలు వస్తే మళ్ళీ చుట్టి చూడవచ్చు, అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తే మాత్రం వాపసు చేయాల్సిందే.

లోపల తడి కనిపించిన ప్రతిసారీ సంచిది తప్పు కాదు. వేడిగా, ఉక్కగా ఉన్న గాలిని లోపల మూసి చల్లటి నీళ్ళలోకి తీసుకెళ్తే గోడలకు చెమ్మ పడుతుంది. కెమెరా ఉంటే తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి, ఫోనును విడిగా ఇంకో కవర్లో పెట్టండి.

ఇక పాయ దాటడం. సంచి ఉందన్న ధైర్యంతో లోతు అంచనా వేయకండి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఆటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు పడుతుంది, వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్ళు ఒకే తీరున పెరగవు. మొదటి గంటలో పన్నెండో వంతు, మూడో గంటలో, నాలుగో గంటలో కలిపి సగం పెరుగుతాయి. అందుకే వెళ్ళేటప్పుడు మోకాలి లోతున్న పాయ తిరిగొచ్చేసరికి ఛాతీ దాకా వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ ఈ తేడా ఇంకా ఎక్కువ. పూర్తి ఆటుకు గంట ముందు దాటి, ఆటు తర్వాత గంటలోపు తిరిగి రావడం క్షేమం. దాటేటప్పుడు పట్టీ ఒక భుజానికే వేసుకోండి, కాలు జారితే వదిలేయగలగాలి. పది లీటర్ల సంచి నాలుగు కిలోల సామానుతో తనంతట తాను తేలుతుంది. మనిషిని తేల్చే లైఫ్ జాకెట్ మాత్రం కాదు.

బసకు చేరాక మంచినీళ్ళతో, ముఖ్యంగా బకిల్ సందుల్లో, కడిగి లోపలి వైపు తిరగేసి నీడలో ఆరబెట్టండి. ఉప్పు ఉంటే గాలిలోని తేమను లాక్కుని తడిగానే ఉంటుంది, రెండో రోజుకి కంపు కొడుతుంది. చుట్టి దాచొద్దు, పీవీసీ మడత దగ్గరే ముందు పగులుతుంది. పాలీయూరిథేన్ పూసిన నైలాన్‌ది అయితే ఉక్కపోతలో మూసి ఉంచిన కొన్నేళ్ళకు లోపలి పూత జిగురుగా మారుతుంది. అలా మారితే మరమ్మతు లేదు.