ఊగే వెబ్‌సైటు, దొరకని ధర: మా చీరల షాపు సైట్ మీద నా రివ్యూ

మహబూబ్‌నగర్‌ల మా చిన్నాయనకు చీరల షాపుంది, నారాయణపేట, గద్వాల చీరలే ఎక్కువ, ఆన్‌లైన్ ఆర్డర్లు నేను చూసుకుంట. పోయిన దసరాకు ముందు హైదరాబాద్ కంపెనీ ఒకటి కొత్త వెబ్‌సైట్ చేసిచ్చింది. పేరు రాయను. పైసలు మాత్రం యాభై వేలు దాటినయ్. చుట్టుపక్కల షాపులోళ్ళు మస్తుమంది అడుగుతున్నరు మేం గూడ చేయించుకోవాల్నా అని, అందుకే రాస్తున్న, జర పొడుగైతది.

సైట్ చూస్తానికైతే సూపరుంది, అందుల డౌట్ లేదు. డెమో రోజు పెద్ద మానిటర్ మీద చూపిచ్చిండ్రు, వెనక మగ్గం వీడియో నడుస్తుంటది, ముందట చీర కొంగు మెల్లగ జరుగుతుంటది, చిన్నాయన ఫిదా అయిపోయిండు. కానీ మా కస్టమర్లల్ల మానిటర్ మీద చూసేటోళ్ళు ఎందరు? మక్తల్ నుంచో కోస్గి నుంచో బస్సుల కూసోని పదివేల రూపాయల ఫోన్‌ల చూస్తరు, సిగ్నల్ ఉంటె ఉంటది లేకుంటె లేదు.

ఆ ఫోన్‌ల ఓపెన్ చేస్తే ఏమైతదంటే, ముందు షాపు పేరు బంగారు రంగుల గీత గీతగ గీసుకుంట వస్తది, అది అయ్యేదాక ఆగాలె, అటెన్క మగ్గం వీడియో గిర్రున తిరుగుకుంట లోడైతనే ఉంటది, ఆలోపల నోటిఫికేషన్లు పంపాల్నా అని ఒకటి అడ్డమొస్తది, కింద మూలకు చాట్ బొమ్మ చెయ్యి ఊపుతది, ఇవన్ని మూసేసి కిందికి పోతె చీరలు ఒక్కొక్కటి తేలుకుంట పైకొస్తయ్. ఇంత చేసినంక ధర కనపడాలె గదా? కనపడది. మౌస్ తెచ్చి చీర మీద పెడితె అప్పుడు ధర పైకి లేస్తదట, హోవర్ ఎఫెక్ట్ అంటరు దాన్ని. ఫోన్‌ల మౌస్ యాడిది? ఏలు పెడితె సీదా వేరే పేజీకి పోతది. ఇంగ అందరు వాట్సాప్‌లనే "అన్నా ఇది ఎంత" అని అడుగుడు షురూ చేసిండ్రు, అంటె సైట్ లేనప్పుడు ఏం పని చేసిన్నో ఇప్పుడు గూడ అదే పని.

తెలుగు అక్షరాల సంగతి ఇంకో కథ. హోంపేజీల హెడ్డింగ్ ఒక్కొక్క అక్షరం ఎగురుకుంట వచ్చేటట్టు పెట్టిండ్రు. ఇంగ్లీషుల అది మంచిగనే ఉంటది, ఏ బీ సీ విడివిడిగ నిలబడతయ్ కాబట్టి. మనకు గుణింతం, ఒత్తు అక్షరానికి అతుక్కొని ఉంటయ్, ఆ ప్రోగ్రాం వాటిని గూడ వేరే అక్షరాలు అనుకొని ఇడగొట్టింది. "చీరలు" అని రావాల్సింది "చ" ఒక దిక్కు, దాని దీర్ఘం, అక్షరం లేకుంటె కంప్యూటర్ చూపే చుక్కల సున్న పట్టుకొని, ఇంకో దిక్కు. "పట్టు"ల ట ఒత్తు సగం కోసుకపోయింది, ఎందుకంటె లైన్ల నడుమ జాగ ఇంగ్లీష్ లెక్కన టైట్‌గ పెట్టిండ్రు, కింద వేలాడే ఒత్తుకు జాగ లేదు. డిజైన్ చేసిన పిలగాడు తెలుగోడే, కానీ టెంప్లేట్, అంటె ముందే తయారుగ ఉండే డిజైన్, యాడనుంచో తెచ్చింది. అదిగాక సైట్ మీద రాసిన అక్షరాలు గూడ సన్నగ బూడిద రంగుల, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద. మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటె వెలుగు తేడా, కనీసం 4.5కు 1 ఉండాలని, చూపు సరిగ లేనోళ్ళు గూడ వాడుకునేటట్టు పెట్టిన వెబ్ యాక్సెసిబిలిటీ రూల్స్‌ల ఉంది, మా సైట్ దాని దగ్గరికి గూడ రాలే. మా చిన్నమ్మ అద్దాలు పెట్టుకొని గూడ సదవలేకపోయింది.

స్లైడర్ సంగతి గూడ చెప్పాలె, అదే పైన బొమ్మలు ఒకటెన్క ఒకటి జరిగేది. ఆఫర్లన్ని అందులనే పెట్టిండ్రు. అమెరికాల నోటర్ డామ్ యూనివర్సిటీ సైట్ లెక్కలు 2013ల బయటపెట్టిండ్రు, హోంపేజీకి వచ్చినోళ్ళల్ల ఇంచుమించు నూటికి ఒక్కరే స్లైడర్‌ను నొక్కిండ్రట, వాళ్ళల్ల గూడ ఎక్కువమంది మొదటి బొమ్మనే. కాలేజీ సైట్ వేరు చీరల సైట్ వేరు అనుకోండ్రి, కానీ మా కాడ గూడ మూడో బొమ్మల ఉన్న డిస్కౌంట్ గురించి ఒక్కరు గూడ అడగలే.

స్పీడ్ చూసుకోవాలంటె గూగుల్‌ది పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అని ఫ్రీ టూల్ ఉంది, సైట్ అడ్రస్ కొడితె చాలు. పెద్ద బొమ్మో పెద్ద అక్షరాలో కనపడేదాక 2.5 సెకన్లు దాటొద్దు అంటది, నొక్కినంక 200 మిల్లీసెకన్లల్ల కదలిక కనపడాలె అంటది, పేజీ ఉన్నట్టుండి జరగొద్దు అంటది. మాది మూడిట్ల ఫెయిల్. ఆ జరుగుడే అన్నిటికంటె చికాకు, "కొను" బటన్ మీద ఏలు పెట్టేలోపల పైన బ్యానర్ ఆలస్యంగ దిగుతది, బటన్ కిందికి పోతది, మనం ఇంకోదాన్ని నొక్కుతం.

కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తె, "అన్నా ఇప్పుడు ట్రెండ్ ఇదే, కస్టమర్‌కి ప్రీమియం ఫీల్ రావాలె" అన్నరు. మా దగ్గరికొచ్చే అక్కలు ప్రీమియం ఫీల్ కాదు, కొంగు జూమ్ చేసి చూడాలంటరు. గద్వాల చీరంటె ఒళ్ళంత నూలు, కొంగు, అంచు పట్టు, ఆ రెండిటిని కలిపే తీరును కుప్పడం అంటరు, తెలిసినోళ్ళు ముందు ఆ అతుకునే చూస్తరు. సైట్‌ల ఫోటోను గుండ్రంగ కోసి పెట్టిండ్రు, అతుకే లేదు! పైంగ ఫిల్టర్ కొట్టిండ్రు, మెరూన్ కాస్త వంకాయ రంగైంది, రంగు వేరే ఉందని ఒక చీర వాపస్ గూడ వచ్చింది.

అట్లని ట్రెండన్నదంత వేస్ట్ అని అంటలేను. కిందికి జరిపినా స్క్రీన్ మీదనే ఉండే వాట్సాప్ బటన్, అది బంగారం. ఫోటోలు అవసరమైనప్పుడే లోడ్ అయ్యేది గూడ మంచిది, డేటా మిగులుతది. పెళ్ళి ఫోటో స్టూడియో వాళ్ళైతె ఆ వీడియోలు, ఊగుడు పెట్టుకున్నా నడుస్తది, వాళ్ళు అమ్మేదే లుక్కు. డార్క్ మోడ్ మాకు పనికిరాదు, నల్ల బ్యాక్‌గ్రౌండ్‌ల ముదురు అంచు కలిసిపోతది.

గొడవ పడంగ పడంగ చివరికి మార్చిండ్రు. లోడర్, అదే ముందు షాపు పేరు గీసుకుంట వచ్చేది, పోయింది, వీడియో ప్లేస్‌ల ఒక్క ఫోటో, ధర చీర కిందనే, దాని పక్కన నూలా పట్టా, ఎన్ని మీటర్లు, బ్లౌజ్ పీస్ ఉందా లేదా. ఎండల తీసిన మామూలు ఫోటోలు పెట్టినం. ఇప్పుడు "ఎంత" అనే మెసేజ్‌లు తగ్గినయ్, "ఇది ఉందా, పంపుండ్రి" అనేటివి పెరిగినయ్. చిన్నాయనకు మాత్రం ఆ మగ్గం వీడియో పోయిందని ఇంకా రందే.

రేటింగ్ అంటె, లుక్కుకు నాలుగు, ఫోన్‌ల వాడకానికి ఒకటిన్నర, మార్పులు అడిగితె చేసే తీరుకు మూడు, అదిగూడ ఫోన్ ఎత్తుతరు కాబట్టి. ఇంకోటి, డొమైన్, అంటె సైట్ అడ్రస్, కంపెనీ వాళ్ళ పేరు మీదనే రిజిస్టర్ చేసిండ్రు, మా పేరు మీదికి మార్పిచ్చేసరికి పానం పోయింది. మీరు ఎవరితోని చేయిచ్చుకున్నా బ్యాలెన్స్ పైసలు ఇచ్చేముందు ఆ లాగిన్ మీ చేతికి తీసుకోండ్రి, డెమో గూడ మీ ఇంట్ల ఉన్న పాత ఫోన్‌ల, వైఫై బంద్ చేసి చూపియ్యమనుండ్రి.